నాన్నతో హరిపుర బొమ్మల ముందు

నాన్న బోర్డులు రాసేవాడు. దుకాణాల పేర్లు, డాక్టర్ల పేర్లు, బడి గోడల మీద సూక్తులు, ఎన్నికలొస్తే గోడ గోడకీ గుర్తులు. ఎవరైనా పెయింటరని పిలిస్తే పలికేవాడు గానీ, బోర్డు కింద కుడి మూలన మాత్రం తన పేరు పక్కన చిన్న అక్షరాల్లో ‘ఆర్ట్స్’ అని తప్పకుండా రాసుకునేవాడు. ఆ ఒక్క మాట కోసం సన్న కుంచె ఒకటి విడిగా ఉండేది. దాన్ని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నా చిన్నతనమంతా ఎనామిల్ పెయింటు, టర్పెంటైను వాసనలోనే గడిచింది. ఆదివారాలు నాకో పని ఉండేది. సుద్ద పట్టించిన దారం ఒక కొసను నేను బొటనవేలితో రేకు అంచుకి అదిమి పట్టుకోవాలి. రెండో కొసను నాన్న బిగలాగి, మధ్యలో రెండు వేళ్ళతో కాస్త పైకెత్తి టప్పున వదిలేవాడు. రెడ్ ఆక్సైడ్ పూసిన రేకు మీద తెల్లటి గీత పడేది. పొడి కొంచెం ఎగిరి నా ముక్కులోకి పోయేది. “కదలకు తల్లీ, గీత వంకరపోతే అక్షరం తూలుతుంది” అనేవాడు. అక్షరం తూలడం అన్న మాట ఇంకెవరి నోటా నేను వినలేదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రెండేళ్ళు తిరక్కుండా నాన్నకి పని ఆగిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చుని అరగంటలో చేసి ఇచ్చేదానికి నాలుగు రోజులు ఎవరు ఆగుతారు? నాన్న ఎవరినీ ఏమీ అనలేదు. కుంచెలన్నీ కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, ఒక పాత డబ్బాలో నిలబెట్టాడు. ఆ డబ్బా అటక మీదికి వెళ్ళింది.

2015 జనవరిలో నాన్నను ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి తీసుకెళ్ళిన రోజు గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. ఆ డబ్బా సంగతి చెప్పకుండా ఆ రోజు గురించి చెప్పలేను.

అప్పుడు నా ఉద్యోగం ఢిల్లీలో. చలికి భయపడి అమ్మ రానంది. నాన్న ఒక్కడే వచ్చాడు. ఎర్రకోట, కుతుబ్ మీనార్ చూపించాను. బాగున్నాయన్నాడు. మూడో రోజు పొద్దున, “ఇక్కడ బొమ్మలుండే చోటు ఏదైనా ఉందా అమ్మా?” అని అడిగాడు. అడగడంలో కొంచెం మొహమాటం ఉంది. ఆ మొహమాటం ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

ఇండియా గేట్ దగ్గరే ఉంటుంది ఆ గ్యాలరీ. జైపూర్ మహారాజు ఢిల్లీ నివాసం కోసం 1936లో కట్టిన జైపూర్ హౌస్ అది. ఆర్థర్ బ్లూమ్‌ఫీల్డ్ గీసిన ప్లాను. మధ్యలో గుమ్మటం, రెండు వైపులా సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకున్న భవనం. 1954 మార్చి 29న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దీన్ని గ్యాలరీగా ప్రారంభించారు. 2009లో వెనక కొత్త భవనం చేరింది. ఇవన్నీ ముందు రోజు రాత్రి చదువుకుని వెళ్ళాను, నాన్నకి చెబుదామని. నాన్న వాటిల్లో సగం కూడా వినలేదు. గేటు దాటగానే తోటలో ఒక శిల్పం దగ్గరికి గబగబా నడిచాడు.

“ఇది మద్రాసు బీచ్‌లో ఉంది!”

నలుగురు మనుషులు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక పెద్ద బండను పెకలిస్తున్న శిల్పం అది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ‘ట్రయంఫ్ ఆఫ్ లేబర్’. మెరీనా బీచ్‌లో ఉన్నదీ ఇదే. మద్రాసు ఆర్ట్స్ స్కూలుకి మొట్టమొదటి భారతీయ ప్రిన్సిపాల్ ఆయన. నాన్న ఆ శిల్పం చుట్టూ ఒకసారి తిరిగి, ఒక మనిషి పిక్క దగ్గర ఆగి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత చెప్పాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చేరాలని రైలెక్కాడట. స్కూలు గేటు దాకా వెళ్ళి, లోపలికి అడుగుపెట్టడానికి ధైర్యం చాలక, బీచ్‌కి వెళ్ళి ఈ శిల్పం కింద కూర్చుని, సాయంత్రం రైలుకి వెనక్కి వచ్చేశాడట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. అమ్మకి కూడా.

నాకు ముప్ఫై ఏళ్ళు దాటాక, ఊరు కాని ఊళ్ళో, ఒక తోటలో నిలబడి మా నాన్న గురించి ఆ సంగతి విన్నాను.

అదే తోటలో స్టీలు గిన్నెలు, బిందెలు కాసిన పెద్ద స్టీలు చెట్టు ఒకటి ఉంది. సుబోధ్ గుప్తా చేసిన మర్రిచెట్టు. ఎండ పడి కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. దీన్ని చూసి నాన్న ఏమంటాడో అని నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది. నాన్న మాత్రం కొమ్మకీ గిన్నెకీ అతుకు ఎక్కడ పడిందో వెతుకుతున్నాడు. “వెల్డింగు కనబడనివ్వలేదు చూడు. మంచి పనివాళ్ళు చేశారు” అన్నాడు. ఇది కళా కాదా అన్న ప్రశ్న ఆయనకు రానే లేదు. పని ఎలా జరిగిందన్నదే ఆయనకు ముఖ్యం. ఆ రోజంతా అంతే.

లోపలికి వెళ్ళాక ఇంకో సంగతి గమనించాను. నాన్న ఏ బొమ్మనైనా ముందు అంచుల్లో చూస్తాడు. నాలుగు మూలలూ చూసి, ఆ తర్వాతే మధ్యలోకి వస్తాడు. ఎందుకు నాన్నా అంటే, “మధ్యలో అందరూ బాగానే వేస్తారమ్మా. అంచుకొచ్చేసరికి చెయ్యి అలిసిపోతుంది. అలిసిపోయాక ఎలా వేశాడో చూడాలి” అన్నాడు.

తంజావూరు బొమ్మల దగ్గర ఆయన ముఖం వెలిగిపోయింది. చెక్క మీద గుడ్డ అతికించి, సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగలనీ తోరణాలనీ ఉబ్బెత్తుగా తీర్చి, పైన బంగారు రేకు అద్దుతారు. దేవుడి ముఖమంతా ప్రశాంతంగా ఉంటే, చుట్టూ ఆ ఉబ్బెత్తు పని దీపం వెలుతురుకి మెరుస్తుంది. నాన్న తల పక్కకి వంచి, వెలుతురు ఏటవాలుగా పడేచోట నిలబడి, ఆ ఎత్తుపల్లాలు చూశాడు. రవివర్మ బొమ్మ ముందు ఎక్కువసేపు లేడు. రవివర్మ 1894లో పెట్టిన ప్రెస్సు నుంచి అచ్చయిన లక్ష్మీ, సరస్వతుల పటాలు చూసీ చూసీ, వాటిని ఎన్నో గోడల మీద పెద్దవి చేసి వేసి ఉన్నాడు నాన్న. “ఈయన దగ్గరే నేర్చుకున్నాను చీర మడతలు” అని, నమస్కారం పెట్టి ముందుకి నడిచాడు. నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

అమృతా షేర్‌గిల్ బొమ్మలున్న గదిలో మేమిద్దరం విడిపోయాం. నేను ‘త్రీ గర్ల్స్’ ముందు ఉండిపోయాను. 1935లో వేసింది. పారిస్‌లో చదువుకుని తిరిగొచ్చాక తొలిరోజుల్లో వేసిన బొమ్మ. ముగ్గురు అమ్మాయిలు పక్కపక్కనే కూర్చుని ఉంటారు, ఒకళ్ళూ మనవైపు చూడరు. ఒకళ్ళనొకళ్ళు కూడా చూసుకోరు. ఇంట్లో తన గురించి ఏదో నిర్ణయం జరుగుతున్నప్పుడు ఆడపిల్ల కూర్చునే తీరు అది. దాన్ని పుస్తకాల్లో ఎన్నిసార్లు చూసినా, అసలు బొమ్మ ముందు నిలబడితే ఒంట్లోకి ఏదో బరువు దిగుతుంది. ఆ గోడ రంగు, ఆ బట్టల రంగు ఒకదాన్నొకటి ఎలా ఓదార్చుకుంటున్నాయో అచ్చులో తెలియదు.

నాన్న నా వెనక్కి వచ్చి, పక్కనున్న చీటీ చదివాడు. 1913–1941. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. “ఇరవై ఎనిమిదేళ్ళు. మన దామెర్ల కూడా అంతే కదమ్మా.” చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో పుట్టి 1925లో పోయారు, 28 నిండకుండానే. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతిలోని విద్య గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించారు. రాజమండ్రిలో ఆయన పేరున్న ఆర్ట్ గ్యాలరీకి నాన్న ఏటా ఒకసారైనా వెళ్ళేవాడని నాకు తెలుసు. పుష్కరాలకని, పెళ్ళికని ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళేవాడు. “చెయ్యి పట్టుకుని గేటు దాటించే దొరొకడు దొరికాడు ఆయనకి” అన్నాడు నాన్న. తన మద్రాసు ప్రయాణం గురించి ఆ రోజు మళ్ళీ మాట్లాడింది ఆ ఒక్క మాటే.

టాగూరు బొమ్మలు నాన్నకి నచ్చుతాయని నేను అనుకోలేదు. ఆ ముఖాలు, ఆ వింత పక్షులు చీకట్లోంచి వచ్చినట్టుంటాయి. రాతప్రతిలో కొట్టివేసిన మాటల్ని గీతలతో కలుపుతూ పోతే ఆయనకి బొమ్మలు పుట్టాయనీ, అరవై దాటాకే గట్టిగా బొమ్మలు మొదలుపెట్టారనీ చెప్పాను. నాన్న ఆగిపోయాడు. “అక్షరం తప్పితే నేనూ తీగ చేసేసేవాణ్ణి. ఆకులు పెట్టేవాణ్ణి. బోర్డుకి డిజైను కూడా వేశావా అని షాపువాడు సంతోషపడేవాడు” అన్నాడు. ఆ తర్వాత మెల్లగా, “అరవై దాటాకనా?” అని ఇంకోసారి అడిగాడు. అప్పటికి నాన్నకి అరవై మూడు.

జామినీ రాయ్ దగ్గర ఇద్దరం సరదాగా గడిపాం. కలకత్తా ఆర్ట్ స్కూల్లో పాశ్చాత్య పద్ధతి అంతా నేర్చుకుని, పేరున్న పోర్ట్రెయిట్లు వేసి, అదంతా వదిలేసి పల్లెల్లో పటాలు వేసే పటువాల దారికి వచ్చినాయన. మట్టి రంగులు, దీపం మసి, చింతగింజల జిగురు వాడారు. చింతగింజలు అనగానే నాన్నకి చేర్యాల నకాశీ పటాలు గుర్తొచ్చాయి. అక్కడా గుడ్డకి చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించాకే కథ మొదలవుతుంది. ఒకరు బంకురా వైపు, ఒకరు చేర్యాలలో, ఒకరికొకరు తెలియకుండా ఒకే గింజను నానబెట్టారు. సంప్రదాయం ఒక గదిలో, ఆధునికం ఒక గదిలో అని గోడలు కడతాం గానీ, జిగురు దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకటే అని నాకు ఆ రోజు అనిపించింది.

గైతొండే అనే చిత్రకారుడి బొమ్మ ఒకటి ఉంది. దాదాపు ఒకే రంగు, లోపల ఎక్కడో పొగలాగా ఇంకో రంగు. ఇలాంటివి చూసి పక్కనున్నవాళ్ళు ఇందులో ఏముందని వెళ్ళిపోతున్నారు. నాన్న వెళ్ళలేదు. “ఇంత మేర చార పడకుండా వెయ్యడం మాటలు కాదు. ఇది బ్రష్షుతో అయ్యేది కాదు” అన్నాడు. కాదు, ఆయన రోలరు, పాలెట్ నైఫ్ వాడేవారు. నేను ఆ మాట చెబితే, పరీక్షలో పాసయిన పిల్లాడిలా నవ్వాడు. నైరూప్య చిత్రం గురించి నేను చదివిన వ్యాసాల్లో ఒక్కటి కూడా నన్ను ఆ బొమ్మ ముందు అంతసేపు నిలబెట్టలేదు. నాన్న చెప్పిన చార పడని రంగు నిలబెట్టింది.

ఇంకో గోడ మీద కృష్ణారెడ్డి గారి ప్రింటు కనబడింది. చీటీ మీద తెలుగు పేరు చూసి నాన్న నన్ను చెయ్యి పట్టి లాగాడు. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోసు దగ్గర చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ఆతెలియే 17 అనే ప్రింట్ల స్టూడియోలో పనిచేసిన మనిషి. మేము చూసిన ఆ రోజుకి ఇంకా బతికే ఉన్నారు, న్యూయార్క్‌లో. 2018లో పోయారు.

ఆ ప్రింటు దగ్గర నేను చెప్పింది నాన్న అన్నిటికంటే శ్రద్ధగా విన్నాడు. మామూలుగా రంగుల ప్రింటు తీయాలంటే రంగుకో పలక కావాలి. కృష్ణారెడ్డి, ఆయన తోటివాళ్ళు ఒకే లోహపు పలక మీద అన్ని రంగులూ ఒకేసారి తీసే పద్ధతి పట్టారు. పలకను లోతులు లోతులుగా చెక్కుతారు. ఒక రంగులో నూనె ఎక్కువ కలిపి పలచన చేస్తారు, ఇంకోదాన్ని చిక్కగా ఉంచుతారు. గట్టి రోలరు పై అంచుల్నే తాకుతుంది, మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది. పలచటి రంగు ఉన్నచోట చిక్కటి రంగు అంటుకోదు. అందుకే ఒక రంగు మీద ఇంకో రంగు పడ్డా రెండూ కలిసి బురద కావు. నేను సరిగ్గా చెప్పానో లేదో గానీ, నాన్న వెంటనే అందుకున్నాడు. “ఎనామిల్‌కి టర్పెంటైను ఎక్కువైతే పై కోటు జారిపోతుంది కదా, ఆ జారడాన్నే పనికి వాడుకున్నాడన్నమాట! మనం తప్పనుకున్నదాన్ని!” గొంతు పెద్దదై, పక్కనున్న గార్డు మావైపు చూసి నవ్వాడు. నాన్న అద్దం దగ్గరికి ముఖం పెట్టి, రెండు రంగులు కలిసే చోట ఊపిరి బిగబట్టి చూశాడు. అద్దం మీద ఆయన ఊపిరి చిన్న మచ్చలా పడి పోయింది.

హరిపుర పోస్టర్లు అంతకు ముందే చూసేశాం నిజానికి. వాటి సంగతి చివరికి ఉంచుకున్నాను, ఎందుకంటే నాన్న కూడా చివరికి మళ్ళీ అక్కడికే వెళ్ళాడు.

1938లో గుజరాత్‌లోని హరిపుర అనే పల్లెలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడు. సభా ప్రాంగణాన్ని అలంకరించమని గాంధీజీ నందలాల్ బోసుని అడిగారు. సభలకి వచ్చే పల్లె జనం చూసేలా ఉండాలన్నది ఆలోచన. నందలాల్, ఆయన శిష్యులు కలిసి 400 దాకా పోస్టర్లు వేశారు. చేత్తో చేసిన కాగితం, మట్టి రంగులు. ఒక్కోదాంట్లో పైన తోరణం లాంటి ఒక వంపు, దాని కింద ఒక మనిషి తన పనిలో. డోలు వాయించేవాడు, దున్నే రైతు, వడ్లు దంచే ఆడవాళ్ళు, ఎద్దును పట్టుకున్న మనిషి. దేవుళ్ళు, రాజులు నిలబడాల్సిన తోరణం కింద వాళ్ళు నిలబడి ఉన్నారు.

మొదటిసారి నాన్న గీతలే చూశాడు. డోలు వాయించేవాడి వీపు మీద గీత భుజం దగ్గర లావుగా మొదలై నడుం దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకలా సన్నబడుతుంది. “చెయ్యి ఎత్తలేదు. ఒక్క ఊపులో లాగాడు. ఈ రంగు కాగితం మీద ఇట్టే ఆరిపోతుంది, ఆగి ఆలోచించుకోవడానికి లేదు.” గాల్లో తన చూపుడువేలితో అదే గీత లాగి చూసుకున్నాడు. పదేళ్ళకి పైగా కుంచె పట్టని చెయ్యి. భుజం నుంచి కదిలింది, మణికట్టు నుంచి కాదు. చిన్నప్పుడు నేను రేకు అంచు పట్టుకుని కూర్చుని చూసిన కదలిక.

రెండోసారి, గ్యాలరీ మూసే వేళ దగ్గరపడుతుంటే, మళ్ళీ వాటి ముందుకొచ్చాం. నాన్న ఈసారి వేరే ప్రశ్నలు వేశాడు.

“ఇవి రోడ్డు మీద పెట్టడానికే వేశారా?”

“ఔను నాన్నా. జనం నడిచే దారిలో, గేట్ల దగ్గర.”

“ఎండకి?”

“ఎండలోనే.”

“వానొస్తే?”

నా దగ్గర జవాబు లేదు. నాన్న ఆ అంచులన్నీ మరోసారి చూశాడు. ఒక మూల కాగితం కొంచెం నలిగి ఉంది. అక్కడే ఆగాడు.

“దారినపోయేవాడు చూడాలని వేసింది ఇంత శ్రద్ధగా వేశాడు చూడు” అన్నాడు. కాసేపాగి, “నేను రాసినవాటిలో ఒక్కటే మిగిలింది తెలుసా? డాక్టరు గారి బోర్డు. ఆయన పోయాక వాళ్ళ పెరట్లో కట్టెలు తడవకుండా కప్పారు. బోర్లా వేసి కప్పారు కాబట్టి అక్షరాలు పాడవలేదు” అన్నాడు.

ఫిర్యాదులా చెప్పలేదు. అక్షరాలు పాడవలేదన్న మాటలో తృప్తే ఉంది. నాకు మాత్రం గొంతు పట్టేసింది. నాన్న చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను. పొద్దున ఎర్రకోట దారి అడిగినంత మామూలుగా కాకుండా, “బొమ్మలుండే చోటు” అని మొహమాటంగా ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది. తను లోపలికి రావచ్చో లేదో అని అడిగాడు.

ఇంటికెళ్ళాక నాన్న అటక మీది డబ్బా దింపాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. సగం కుంచెలు వెంట్రుకలు బిగుసుకుపోయి పనికిరాకుండా పోయాయట. మిగిలినవాటితో కాగితాల మీద గీతలు మొదలుపెట్టాడు. బొమ్మలు కావు, ఒట్టి గీతలు. లావుగా మొదలై సన్నబడేవి. నేను సెలవుకి వెళ్ళినప్పుడు చూస్తే పాత క్యాలెండర్ల వెనకంతా అవే. ‘ఆర్ట్స్’ కుంచె మాత్రం బాగానే ఉంది. ఆ సన్నటిదాన్ని గుడ్డలో చుట్టి దాచాడు మరి.

నాన్న పోయి నాలుగేళ్ళయింది. పోయినేడు పని మీద ఢిల్లీ వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే గ్యాలరీకి వెళ్ళాను. వేల బొమ్మలున్న చోటు కాబట్టి గోడల మీదివి మారుస్తూ ఉంటారు. హరిపుర పోస్టర్లు ఉన్న గోడకి ఆ రోజు వేరే ఎవరివో పెద్ద క్యాన్వాసులు ఉన్నాయి. ఈ మధ్యకాలపు చిత్రకారుడు, నాకు పేరు కూడా కొత్త. వెనక్కి తిరగబోయాను. మళ్ళీ ఆగి, దగ్గరికి వెళ్ళి, ముందు కింది కుడి మూల చూశాను.